మా ఫ్లాట్ కింద తడి మచ్చ

ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిన మధ్యాహ్నం పాత ఓనరు నా చేతిలో తాళాల గుత్తి పెట్టి, "ఇక మీదేనండీ" అని నవ్వి ఆటో ఎక్కేశాడు. మా ఆయనా, నేనూ అక్కణ్ణుంచి తిన్నగా భవానీపురం వెళ్ళి, మూడో అంతస్తుకి ఎక్కి, మా సొంతమైన తలుపు ముందు నిలబడ్డాం. గుత్తిలో ఉన్న తాళంచెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాం. ఏదీ తిరగలేదు. ఫోన్ చేస్తే పాత ఓనరు ఎత్తలేదు. చివరికి మా ఆయన విసుగొచ్చి హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజేసరికి తలుపు తెరుచుకుంది. అసలు దానికి తాళమే వెయ్యలేదు.

ఇల్లు అద్దెకివ్వడం అనే వ్యవహారంలోకి నేను దిగింది అలాగ. ఆ తర్వాత కూడా పెద్దగా తేడా ఏమీ రాలేదు. ఏ తాళానికి ఏ చెవో తెలియకుండానే చాలా దూరం వచ్చాను.

నేను కంకిపాడు దగ్గర ఒక హైస్కూల్లో హిందీ టీచర్ని. మా ఆయనకి కంకిపాడు సెంటర్లో ట్రాక్టరు స్పేర్ పార్టుల కొట్టు ఉంది. అమ్మ పోయాక ఆవిడ పేరున ఉన్న కాలవ పక్క పొలాన్ని మా అన్నయ్యలు అమ్మి, నా వాటా నాకు ఇచ్చేశారు. ఆ డబ్బు బ్యాంకులో పడ్డ రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతత పోయింది. స్థలం కొందామని మా ఆయన. స్థలం కొంటే దాని చుట్టూ కంచె, కంచె చుట్టూ తగాదా అని నా భయం. నెలనెలా చేతికి కొంచెం అద్దె వస్తే, రిటైరయ్యాక ఎవరినీ అడగక్కర్లేదు కదా అని నా ఆలోచన. ఆ మాట పైకి అన్నప్పుడు మా ఆయన, "అడగడానికి నేను లేనా?" అని నొచ్చుకున్నాడు. లేడని నేను అనలేదు. ఏమన్నానో నాకే సరిగ్గా తెలియలేదు.

స్టాఫ్ రూములో సలహాలకి కొదవ లేదు. "పై అంతస్తు కొనకండి మేడం, ఎండకి మాడిపోతుంది" అన్నారు సైన్సు మాస్టారు. "కింద కొనకండి, దోమలు" అన్నారు సోషల్ మేడం. ఒకరు బ్యాచిలర్స్‌కి ఇస్తే అద్దె ఎక్కువ గిడుతుందన్నారు. ఇంకొకరు, బ్యాచిలర్స్‌కిచ్చిన ఇంటికి మళ్ళీ రంగులు కాదు, మళ్ళీ గోడలే కట్టించాల్సొచ్చిందన్నారు. లాయరుకి ఇవ్వొద్దు, పోలీసుకి ఇవ్వొద్దు, చుట్టాలకి అసలే ఇవ్వొద్దు. బెంజ్ సర్కిల్ వైపు కొంటే ఉద్యోగస్తులు దొరుకుతారు గానీ రేటు మండిపోతుంది. వన్ టౌన్ వైపు కొంటే రేటు తక్కువ గానీ వ్యాపారస్తులు అద్దె దగ్గర బేరాలాడతారు. చెప్పిన ప్రతివాళ్ళూ తమకి జరిగిందే చెప్పారు. అందుకని అన్నీ నిజాలే. అన్నీ నిజాలైతే నేనేం చెయ్యాలి?

చివరికి భవానీపురంలో కొన్నది నా లెక్క ప్రకారం కాదు. చూసిన వాటిల్లో ఆ ఫ్లాట్ వంటింటి కిటికీలోంచి కొండ కనిపించింది, గాలొచ్చింది. అంతే. కొనేముందు కుళాయిలు తిప్పి చూశాను, స్విచ్చులు వేసి చూశాను, కప్పు కేసి చూశాను. కింద రెండో అంతస్తులో ఉన్నవాళ్ళ కప్పు ఎలా ఉందో చూడాలని నాకు తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది?

టు-లెట్ బోర్డు పెట్టాక చాలామంది వచ్చారు. ఒకాయన ఇల్లంతా చూసి, తూర్పు ఎటు అని అడిగి, దిక్సూచి తీసి చూసుకుని, నాతో ఇంకొక్క మాట కూడా మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఇంకెంతమంది ఉంటారని నేను అడిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఒక ముస్లిం జంట, ఇంటర్ చదివే కూతుర్ని తీసుకుని వచ్చారు. భర్త వన్ టౌన్‌లో గాజుల హోల్‌సేల్ కొట్లో పని చేస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. చేతి వేళ్ళ చివర్లు కాయలు కాసి గట్టిగా ఉన్నాయి. నేను నా హిందీ టీచరు హోదా చూపించుకుందామని హిందీలో పలకరించాను. ఆమె కాసేపు ఓపిగ్గా విని, "తెలుగులో చెప్పండి మేడం, పర్లేదు" అంది.

ఇల్లంతా తిరిగి చూసి, హాల్లో కిటికీ దగ్గర ఆగింది. "ఇక్కడ వెలుతురు బావుంది. నేను మగ్గం వర్క్ చేస్తాను మేడం. జాకెట్ల మీద. ఇక్కడ మగ్గం పెట్టుకోవచ్చా?"

చీరల జాకెట్ల మీద పూసలతో, జరీతో చేసే పనేగా, ఇంట్లో కూచుని చేసుకునేదేగా అనుకుని, "దానికేముందమ్మా" అన్నాను. ఆ మాటకి వెనక ఎంత ఉంటుందో అప్పుడు తెలియదు.

మర్నాడు స్కూల్లో ఇంటర్వెల్లో ఉండగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. రిటైరైన పెద్దమనిషి, చాలా మర్యాదస్తుడు. అపార్ట్‌మెంట్లో మోటారు వెయ్యడం దగ్గర్నుంచి చెత్తబండి దాకా అన్నీ ఆయనే చూసుకుంటారు.

"మీరు ఇల్లు ఎవరికో మాటిచ్చారని తెలిసిందండీ. తప్పని కాదు. మన అపార్ట్‌మెంట్లో మొదట్నుంచీ అందరూ ఒకలాంటి వాళ్ళేనండీ."

"ఒకలాంటి వాళ్ళంటే ఏంటండీ?"

"మీకు తెలుసు కదండీ."

నాకు నిజంగానే తెలియలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "మేం క్రిస్టియన్స్ అండీ" అన్నాను.

ఆయన కంగారు పడ్డారు. "అయ్యయ్యో, మీరు ఓనరు కదండీ! మీ సంగతి వేరు."

ఫోన్ పెట్టేశాక ఆ మాటని ఎటు తిప్పి చూసినా అర్థం కాలేదు. ఆయన లెక్కలో నేను ఒకలాంటి దాన్నా, ఇంకోలాంటి దాన్నా? కొన్నాను కాబట్టి సరిపోయిందా? అదే నేను అద్దెకి వచ్చుంటే? గంట కొట్టారు. ఎనిమిదో తరగతికి వెళ్ళి, నిన్న చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాను.

ఇల్లు ఆమెకే ఇచ్చాను. ధైర్యంతో ఇచ్చానా, మాటిచ్చేశాను కాబట్టి ఇచ్చానా అంటే చెప్పలేను. డాక్యుమెంట్ రైటరు దగ్గర కూచుని పదకొండు నెలలకి అగ్రిమెంట్ రాయించుకున్నాం. అందరికీ రాసేదే మాకూ రాసిచ్చాడు. అందులో 'నివాసమునకు మాత్రమే వాడుకొనవలెను' అని ఒక వాక్యం ఉంది. అది ఆమె చదివింది, నేనూ చదివాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. నేనైతే ఓనరు పెట్టాల్సిన చోట కాకుండా అద్దెకుండేవాళ్ళు పెట్టే చోట పెట్టబోతే, రైటరు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

మొదటి నెలలు బాగానే గడిచాయి. అద్దె ఫోన్లో పడేది. నేను నెలకోసారి కూడా వెళ్ళేదాన్ని కాదు. అద్దెకివ్వడం అంటే ఇంతేనా, ఇంత సులువా అని మా ఆయన దగ్గర కాస్త గొప్పలు కూడా పోయాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున రెండో అంతస్తు ఆంటీ ఫోన్ చేసింది. మా ఫ్లాట్ కిందది ఆవిడదే. భర్త పోయాడు. ఒంటరిగా ఉంటుంది. గొంతు గట్టిది.

"అమ్మాయ్, మీ బాత్రూం మా హాల్లోకి దిగిపోతోంది. వచ్చి చూడు."

స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఆవిడ హాలు కప్పు మీద, ఒక మూలగా, పెద్ద పళ్ళెమంత మచ్చ. మధ్యలో సున్నం ఉబ్బి, అంచులు పచ్చగా ఉన్నాయి. ఆంటీ కుర్చీ ఎక్కి దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి పెట్టింది. "రోజూ చూస్తున్నా. పెరుగుతోంది" అంది. నేను పైకి వెళ్ళి చూస్తే మా బాత్రూం పొడిగా, శుభ్రంగా ఉంది. పైగా ఆ మూలకి సరిగ్గా పైన ఉన్నది బాత్రూం కాదు, వంటిల్లూ బాత్రూమూ కలిసే గోడ. ఆ గోడ అవతల అన్ని అంతస్తుల పైపులూ దిగే సందు. ఆ సందులో మా పైపు ఏదో, నాలుగో అంతస్తు వాళ్ళది ఏదో, టెర్రస్ మీద వాన నీళ్ళు దిగేది ఏదో ఎవరికీ తెలియదు. అన్నిటికీ ఒకే రంగు వేశారు.

పిలిపించిన ప్లంబరు వంటింటి సింకు కింద అనుమానంగా ఉందన్నాడు. అక్కడ పగలగొట్టాడు. ఏమీ లేదు. "అయితే బాత్రూమే" అన్నాడు. "అది ముందే చెప్పొచ్చు కదా" అంటే, "ముందు ఇదే అనిపించిందండీ" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. నాకూ ముందు ఇదే అనిపించింది. తర్వాత వచ్చిన ఇంకో ప్లంబరు ఇది పైపు కాదు, టెర్రస్ అన్నాడు. టెర్రస్ నీళ్ళు పై అంతస్తులు దాటి రెండో అంతస్తు కప్పులోనే ఎందుకు కనపడతాయని అడిగితే, నీళ్ళకి దారి దొరికిన చోటికి పోతాయన్నాడు. అదీ సబబుగానే తోచింది.

సెక్రటరీ గారికి మాత్రం ఏ సందేహమూ లేదు. కిందకి దిగుతుంటే లిఫ్టు దగ్గర ఆపారు. "మీ ఇంట్లో మగ్గం పెట్టారండీ. రోజూ ఆడవాళ్ళు వస్తారు, పోతారు. కొలతలంటారు, డిజైన్లంటారు. నీళ్ళ వాడకం పెరగదాండీ? బాత్రూం వాడకం పెరగదా? మీ అగ్రిమెంట్ ఎలాగూ అయిపోవస్తోంది. మళ్ళీ రాయకండి. మెల్లిగా సర్దుకుంటుంది."

ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన కూడా అంతే అన్నాడు. "ఖాళీ చేయించు. నాలుగు నెలలు తాళం పెట్టి చూడు. మచ్చ ఆగితే వాళ్ళదే తప్పు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే వాళ్ళది కాదు."

"అప్పటికి వాళ్ళు వెళ్ళిపోయుంటారు కదండీ."

ఆయన "అది నిజమే" అని ట్రాక్టరు బెల్టు ఎవరికో కావాలంటే కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా నా బుర్ర ఒక కొలిక్కి రాలేదు. పొద్దున, ఖాళీ చేయమనాలి, అగ్రిమెంట్‌లో ఉన్న మాటేగా అనిపించేది. మధ్యాహ్నానికి, మగ్గం పెట్టుకోమని నోటితో నేనే అన్నానుగా అనిపించేది. నోటి మాట పెద్దదా, కాగితం మాట పెద్దదా? ఆమె తప్పు చేసిందని నేను నమ్ముతున్నానా, లేక అందరూ అంటున్నారు కాబట్టి నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్ముతున్నానా?

ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా విజయవాడ బస్సెక్కాను. బెంజ్ సర్కిల్లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. తలుపు తీసిన ఆమె నా మొహం చూడగానే పక్కకి తప్పుకుని, కూచోమని కుర్చీ వేసి, తను మగ్గం పక్కన నేల మీద కూచుంది.

"ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికొచ్చారా మేడం?"

అంత సూటిగా అడుగుతుందనుకోలేదు. "తెలీదమ్మా" అన్నాను. అదే నిజం.

ఆమె తల వంచుకుని సూది వైపు చూసింది. మగ్గం చట్రం మీద ఎర్ర పట్టు గుడ్డ బిగించి ఉంది. జాకెట్ ఒక చేతి మీద తామర తీగ పూర్తయింది, ఇంకో చేతికి పెన్సిలు గీతలే ఉన్నాయి.

"నేను మీతో పోట్లాడను మేడం. పొమ్మంటే పోతాం. కానీ మీరు ఏదీ చెప్పకపోతే నాకు కష్టంగా ఉంది. పెళ్ళిళ్ళ రోజులు వస్తున్నాయి. పని ఒప్పుకోవాలా వద్దా తెలీట్లేదు. ఒప్పుకుని, మధ్యలో ఇల్లు మారితే ఈ మగ్గం ఎక్కడ పెట్టను? ఇప్పటికే ఇద్దరిని వెనక్కి పంపాను. మా అమ్మాయి కాలేజీ ఇక్కడికి దగ్గరని వచ్చాం. దానికేం చెప్పాలో కూడా తెలీట్లేదు."

అప్పటిదాకా ఆ అయోమయం అంతా నాదే అనుకున్నాను. మూడో అంతస్తులో ఈ ఇంటి నిండా కూడా అదే ఉందనీ, దాన్ని అక్కడ పెట్టింది నేనేననీ ఆ మాటతో తెలిసింది. "మచ్చ పెరుగుతోందంటున్నారమ్మా" అన్నాను.

"అయితే ఒక పని చేద్దాం. ఇవాళ ఈ ఇంట్లో ఒక్క కుళాయి కూడా తిప్పం. వంటకి నీళ్ళు పొద్దునే పట్టి పెట్టుకున్నాను. మా ఆయనా, అమ్మాయీ మా అక్క వాళ్ళింటికి వెళ్ళారు. మీరు ఇక్కడే కూచోండి. సాయంత్రం కిందకెళ్ళి చూద్దాం."

అలా నా సొంత ఫ్లాట్లో మొదటిసారి ఒక పూటంతా గడిపాను, చుట్టంలా. ఆమె సింకు వాల్వు కట్టేసింది. బాత్రూం తలుపు వేసి ఒక కుర్చీ అడ్డం పెట్టింది. అవసరమైతే ఎదురింటికి వెళ్దామంది. తను మళ్ళీ మగ్గం ముందు కూచుంది. గుడ్డ కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి. పైనున్న సూది కిందికి దిగి, దారాన్ని పట్టుకుని పైకొచ్చేది. చూస్తుండగానే గీత మీద గొలుసు పడేది. నేను పక్కనున్న డబ్బాల్లోంచి అడిగిన రంగు పూసలు అందించాను. సగం సార్లు తప్పు రంగే అందించాను. బంగారు రంగులోనే అన్ని రకాలుంటాయని నాకు తెలియదు. మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా పెట్టింది. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి ఒక గిన్నెలో నీళ్ళిచ్చి, ఆ నీళ్ళు సింకులో పొయ్యకుండా బకెట్లో పోయించింది. ఆమె అంత నిక్కచ్చిగా ఆ పరీక్ష పెట్టుకుంటే, నేను ఎవరిని పరీక్షిస్తున్నానా అని నాకు సిగ్గేసింది.

మూడు గంటలప్పుడు కింద ఆంటీ పైకొచ్చింది. మా ఫ్లాట్లోకి రావడం అదే మొదలట, పాత ఓనరుతో కూడా మాటల్లేవట. మొదట గుమ్మంలోనే నిలబడింది. "ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అంది. చెప్పాను. ఆవిడ మగ్గం దగ్గరకొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసి, "ఇది చేత్తోనేనా? నేను మిషను అనుకున్నానే" అంది. ఆ తర్వాత కూచుంది. కాసేపటికి ఆవిడ కూడా పూసలు అందిస్తోంది, నాకంటే సరిగ్గా.

సాయంత్రం ముగ్గురం కిందకి దిగాం. ఆంటీ లైటు వేసింది. కుర్చీ ఎక్కి నేనే చూశాను. పెన్సిలు గీత దాటి, ఒక పక్కగా, తడి కొంచెం బయటికి వచ్చింది.

"చూశారా, నీళ్ళు వాడకుండానే పెరిగింది!" అన్నాను గెలిచినట్టు.

ఆంటీ నసిగింది. "అది పొద్దునే అలా ఉందేమోనమ్మా. ఇవాళ పొద్దున సరిగ్గా చూళ్ళేదు."

నిన్నటి నీళ్ళు ఇవాళ దిగొచ్చని రెండో ప్లంబరు అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

ముగ్గురం తలెత్తుకుని ఆ మచ్చనే చూస్తూ నిలబడ్డాం. ఒక పూటంతా కూచుని తేల్చుకున్నది ఇంతా అనుకుంటే ముందు ఆంటీకి నవ్వొచ్చింది, తర్వాత మాకు.

ఏమీ రుజువు కాలేదు. కానీ ఆంటీ ఇంట్లోంచి బయటికొచ్చి, మెట్ల మీదే ఆమెతో చెప్పేశాను. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. పెళ్ళి పనులు ఒప్పుకోండి." ఎందుకు చెప్పానంటే కారణం సరిగ్గా చెప్పలేను. ఆ జాకెట్ రెండో చేతి మీద తామర తీగ సగంలో ఆగిపోతుందనిపించింది. అంతకంటే పెద్ద ఆలోచనేదీ అప్పుడు నా బుర్రలో లేదు. ఆమె "సరే మేడం" అంది గానీ, మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "ఖాయమేనా?" అని అడిగింది. ఆమె అలా అడగాల్సొచ్చినందుకు బాధేసింది.

తర్వాత వచ్చింది అసోసియేషన్ మీటింగు. కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నాకు నలుగురిలో మాట్లాడటం కొత్త కాదు గానీ, ఎదురుగా ఉన్నది పిల్లలు కాదు. సెక్రటరీ గారు లేచి, అపార్ట్‌మెంట్లో వ్యాపారాలు జరుగుతున్నాయనీ, దానివల్ల లీకేజీలు వస్తున్నాయనీ అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"మగ్గానికి నీళ్ళు అక్కర్లేదండీ. సూది, దారమే. లీకేజీ మా పైపుదో, టెర్రస్‌దో ఎవరికీ తెలియడం లేదు. మా బాత్రూం అడుగంతా తీయించి వాటర్‌ప్రూఫింగ్ నేను చేయిస్తాను. పైపుల సందూ, టెర్రస్సూ అందరివీ. అవి అసోసియేషన్ చేయించాలి. మా వాళ్ళు మాత్రం ఉంటారు."

"మీ వాళ్ళు" ఎవరని ఎవరో అడిగారు. "మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళు" అన్నాను.

సెక్రటరీ గారు ఏదో అనబోయారు. ఈలోగా రెండో అంతస్తు ఆంటీ కూచున్న చోటనుంచే, "తడుస్తున్నది నా కప్పు. నేను ఒప్పుకుంటున్నా. ఇంక మీకేంటి?" అంది. ఆ గొంతుకి ఎదురు చెప్పేవాళ్ళు ఆ బిల్డింగులో లేరు. నిజానికి ఆవిడ నా వైపు ఎందుకు మాట్లాడిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆమె పూసల పని నచ్చిందా, సెక్రటరీ గారంటే పడదా, కప్పు బాగైతే చాలనుకుందా? అడిగితే, "ఏదో అన్నాలే" అంది.

బాత్రూం పగలగొట్టిన వారం పాటు మా అద్దెవాళ్ళు స్నానాలకి ఆంటీ ఇంటికే వెళ్ళారు. ఆంటీయే రమ్మంది. "పని హడావుడిగా చేయించొద్దు. ఎన్నాళ్ళైనా పర్లేదు, గట్టిగా చేయించండి" అని మేస్త్రీ నెత్తి మీద కూచుంది. ఆ నెల అద్దె నేను తీసుకోలేదు. బాత్రూం లేని ఇంటికి అద్దె ఏమిటి? మా ఆయన మొదట అలా ఎలాగన్నాడు. మన కంకిపాడు ఇంట్లో బాత్రూం లేకపోతే మీరు ఉంటారా అని అడిగితే ఊరుకున్నాడు.

అసోసియేషన్ వాళ్ళు కూడా గొణుక్కుంటూనే సందులో పైపుల జాయింట్లు మార్పించారు, టెర్రస్ మీద పగుళ్ళు పూడ్పించారు. ఇవన్నీ అయ్యేసరికి వానలు ఆగిపోయాయి. చలికాలం వచ్చింది. ఎండాకాలం వచ్చింది. మచ్చ మెల్లగా ఎండి, అంచులు రాలి, ఆంటీ రంగు వేయించాక కనపడకుండా పోయింది. మళ్ళీ వానలు వచ్చినా తిరిగి రాలేదు. దేనివల్ల ఆగిందంటే ఎవరి మాట వాళ్ళది. సెక్రటరీ గారు నా బాత్రూమే అంటారు. నేను టెర్రస్ అంటాను. రెండో ప్లంబరు పైపు జాయింటు అంటాడు, మొదట తనే కాదన్నాడని మర్చిపోయాడు. అన్నీ ఒకేసారి చేయించడం వల్ల, కారణం ఏదో శాశ్వతంగా తెలియకుండా పోయింది.

ఇల్లు కొని అద్దెకివ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడు నన్ను కూడా అడుగుతున్నారు. పేరుకి అనుభవం ఉన్నదాన్ని కదా. నాకు ఖాయంగా తెలిసినవి కొన్నే. కొనబోయే ఫ్లాట్ ఒక్కటే చూసి వచ్చేయకండి, కింది వాళ్ళ తలుపు కొట్టి వాళ్ళ కప్పు చూడనివ్వమని అడగండి. వీలైతే వానాకాలంలో చూడండి. పైపులు పాడైతే ఎవరు బాగుచేయించాలో అసోసియేషన్‌ని కొనకముందే అడగండి. తాళాలిచ్చేముందు గోడలకీ, గచ్చులకీ ఫోటోలు తీసి, ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. వచ్చిన అద్దెలో కొంత మీది కాదనుకుని పక్కన పెట్టండి, ఇల్లు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని అడుగుతుంది. వాళ్ళు ఇంట్లో ఏం పని చేసుకుంటారో నోటితో సరే అని, కాగితం మీద ఇంకోటి రాయకండి. అద్దెకుండేవాళ్ళని ఎలా ఎంచుకోవాలని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేను ఎంచుకోలేదు. ఆమె వెలుతురు బావుందంది, నేను దానికేముందన్నాను.

అగ్రిమెంట్ మళ్ళీ రాయించేటప్పుడు అదే డాక్యుమెంట్ రైటరు దగ్గరికి వెళ్ళాం. ఇంట్లో మగ్గం పని చేసుకోవచ్చని ఒక వాక్యం, ఖాళీ చెయ్యమనాలన్నా చెయ్యాలన్నా మూడు నెలల ముందు చెప్పాలని ఇంకో వాక్యం రాయించాను. ఇలా ఎవరూ రాయించరన్నాడు. రాయమన్నాను. ఆమె ఆ రెండు వాక్యాల్నీ వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

ఈ మధ్య, మూడోసారి అగ్రిమెంట్ రాసుకునే ముందు, ఆమె ఫోన్ చేసింది. కూతురు డిగ్రీలో చేరింది. ఆమె దగ్గర ఇప్పుడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, అసలు మాటకొచ్చింది.

"మేడం, తప్పుగా అనుకోకండి. మీరు ఎప్పుడైనా ఈ ఫ్లాట్ అమ్మాలనుకుంటే ముందు మాకు చెప్తారా? ఇప్పుడు కాదు. మేమూ కూడబెట్టుకోవాలి."

ఆ కిటికీ, ఆ కొండ, రిటైరయ్యాక ఎవరినీ అడగక్కర్లేదనుకున్న ఆ అద్దె, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? నాకు కష్టమనిపించడంలో తప్పేముంది? మా ఆయన్ని అడిగి చెప్తానన్నాను. ఆయన్ని అడిగితే, "నీ ఫ్లాట్, నువ్వే చెప్పు" అన్నాడు. కొన్నప్పటి నుంచీ ఆయన అలా అనడం అదే మొదలు. ఆ మాట మాత్రం నాకేమీ సాయం చెయ్యలేదు.

మర్నాడు స్కూలు వదిలాక నేనే ఫోన్ చేశాను.

"అమ్మితే ముందు మీకే చెప్తానమ్మా. అది ఖాయం. అసలు అమ్ముతానో లేదో మాత్రం నాకు తెలీదు."

ఆమె వెనక ఎవరో ఆడవాళ్ళు కొలతల గురించి మాట్లాడుకుంటున్నారు.

"అది చాలు మేడం" అంది. "తెలీదని చెప్పారు కదా, చాలు. ఈసారి అగ్రిమెంట్‌కి వచ్చేటప్పుడు మీ జాకెట్ గుడ్డ ఒకటి తెచ్చుకోండి."

ఏ రంగు తీసుకెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు.